లేని ఊరికి దారి

ఎక్కడా లేని దేశానికి తీరం గీసి, నదులు పారించి, ఊళ్లకు పేర్లు పెట్టి, రాజుల వంశావళి రాసుకోవడం కొందరికి ఏళ్ల తరబడి సాగే వ్యాపకం. పైకి పిల్లచేష్టలా కనిపించే ఈ పనికి భూగోళం, భాష, చరిత్ర మూడూ కావాలి.

1881 ఆగస్టు. స్కాట్లాండ్ కొండల నడుమ బ్రేమార్ అనే పల్లె. పట్టిన ముసురు వదలడం లేదు. ఊపిరితిత్తుల జబ్బుతో తీసుకుంటున్న ముప్పయ్యేళ్ల రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ కుటుంబంతో సహా అక్కడ ఓ అద్దె ఇంట్లో ఉన్నాడు. బయటికి కదిలే వీల్లేక అతని భార్యకు మొదటి భర్త వల్ల కలిగిన కొడుకు, పదమూడేళ్ల లాయిడ్, రంగుల పెట్టె ముందేసుకుని బొమ్మలు వేస్తున్నాడు. స్టీవెన్‌సన్ కూడా వచ్చి పక్కన చేరాడు. కాసేపటికి కాగితం మీద ఒక దీవి తేలింది. వంపులు తిరిగిన తీరం, ఓడలు ఆగే రేవులు, నడుమ ఒక కొండ. కొండకు పేరు పెట్టారు, రేవులకు పేర్లు పెట్టారు. మొదటి గీత ఎవరిదన్న విషయంలో తర్వాతి కాలంలో ఇద్దరూ చెరో మాట చెప్పారు.

ఆ పటాన్ని చూస్తూ ఉండగానే అందులోని అడవిలోంచి మనుషులు తొంగిచూశారని స్టీవెన్‌సన్ తర్వాత రాసుకున్నాడు. రోజుకో అధ్యాయం చొప్పున రాస్తూ, ఇంట్లో అందరికీ చదివి వినిపించాడు. దీపస్తంభాలు కట్టించే ఇంజినీరైన తండ్రి థామస్‌కూ హుషారు పుట్టింది. కథలో చనిపోయిన నావికుడి పెట్టెలో ఏయే వస్తువులు ఉండాలో ఓ రోజంతా కూర్చుని జాబితా రాసిచ్చాడు. అలా పుట్టిన ‘ట్రెజర్ ఐలాండ్’ 1883లో పుస్తకంగా వచ్చింది. కథ రాశాక దానికి బొమ్మ వేయించడం మామూలు. ఇక్కడ బొమ్మే కథను కన్నది.

ఇలా లేని లోకాన్ని కట్టడానికి తెలుగునాట సినిమా కబుర్లలో ఇప్పుడు తరచూ వినిపిస్తున్న మాట ‘వరల్డ్ బిల్డింగ్’. 2015లో ‘బాహుబలి’ మాహిష్మతి అనే రాజ్యాన్ని చూపించింది. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ కాశీ, కాంప్లెక్స్, శంబల అనే మూడు లోకాలను నిలబెట్టింది. 2025 అక్టోబరు ఆఖర్న ‘బాహుబలి’ రెండు భాగాలూ కలిసి ఒకే సినిమాగా మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు జనం మాహిష్మతిని చూడటానికి మరోసారి వెళ్లారు. అలాంటి లోకాలను వందల మంది పనివాళ్లు, కోట్ల ఖర్చు లేకుండా, కాగితం, పెన్సిల్‌తో ఒంటరిగా కట్టుకునేవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. వాళ్లలో చాలామందికి పాఠకులు గానీ ప్రేక్షకులు గానీ ఉండరు. పటం పూర్తవాలన్న తొందరా ఉండదు.

డజను కొయ్య సిపాయిలు

ఈ వ్యాపకం చరిత్రలో బాగా పేరున్న ఇల్లు ఇంగ్లండ్‌లోని హావర్త్ గ్రామంలో ఉంది. అక్కడి చర్చి పాస్టర్ పాట్రిక్ బ్రాంటీ 1826 జూన్‌లో లీడ్స్ నగరం నుంచి కొడుకు బ్రాన్‌వెల్ కోసం డజను కొయ్య సిపాయిలు తెచ్చాడు. ఆ పిల్లల తల్లి 1821లో పోయింది. సిపాయిలు రావడానికి ముందు ఏడాదే ఇద్దరు అక్కలు పోయారు. పదేళ్ల షార్లెట్, ఏడేళ్ల ఎమిలీ, ఆరేళ్ల యాన్ ఆ బొమ్మల్లోంచి తలా ఒకటి తీసుకుని పేర్లు పెట్టుకున్నారు. పేరున్న సిపాయికి ఊరు కావలసి వచ్చింది, ఊరికి రాజ్యం కావలసి వచ్చింది. ఆఫ్రికా పడమటి తీరాన ‘గ్లాస్ టౌన్’ వెలిసింది. బ్రాన్‌వెల్ దానికి పటం గీశాడు. కొన్నేళ్లకు షార్లెట్, బ్రాన్‌వెల్ కలిసి ‘యాంగ్రియా’ అనే రాజ్యం కట్టుకుంటే, ఎమిలీ, యాన్ వేరుపడి ‘గోండల్’ అనే దీవికి వెళ్లిపోయారు.

ఆ సిపాయిలు చేతబట్టి చదవడానికి వీలైన కొలతలో, అగ్గిపెట్టెంత పత్రికలను పిల్లలు చేత్తో రాసి కుట్టారు. అలాంటి ఒక్క చిట్టి పత్రికను 2019లో పారిస్ వేలంలో 6 లక్షల యూరోలకు బ్రాంటీ మ్యూజియం కొనుక్కుంది. గ్లాస్ టౌన్‌లో చేయి తిరిగిన షార్లెట్ ‘జేన్ అయిర్’, గోండల్‌ను చివరిదాకా వదలని ఎమిలీ ‘వుదరింగ్ హైట్స్’ రాశారు. రెండూ 1847లోనే వచ్చాయి.

ఇలాంటి పిల్లల లోకాలను మనస్తత్వ శాస్త్రం ‘ప్యారాకాజం’ అంటోంది. బీబీసీలో శ్రోతల అభిరుచులపై పరిశోధన విభాగాన్ని నడిపిన రాబర్ట్ సిల్వీకి చిన్నప్పుడు సొంతంగా ఒక ఊహాదేశం ఉండేది. రిటైరయ్యాక ఆయన, తనలాంటివాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని వెతకడం మొదలుపెట్టాడు. ఆయన పోయాక స్టీఫెన్ మెకీత్ అనే మానసిక వైద్యుడు ఆ పని కొనసాగించాడు. 57 మంది దగ్గర 64 లోకాలు బయటపడ్డాయి. అమెరికాలో మిషెల్ రూట్-బర్న్‌స్టీన్ అనే పరిశోధకురాలు, ప్రతిభావంతులకు ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్ అందుకున్నవాళ్లనూ మామూలు కాలేజీ విద్యార్థులనూ పోల్చి చూసింది. బాల్యంలో సొంత లోకం కట్టుకున్నవాళ్లు ఫెలోలలో సుమారు రెట్టింపు ఉన్నారు. వాళ్లంతా రచయితలు, చిత్రకారులే అనుకోవడానికి లేదు. సైన్సు, సామాజిక శాస్త్రాలవాళ్లూ అందులో ఉన్నారు.

పెద్దయ్యాకా ఆ లోకం నుంచి బయటికి రానివాళ్లలో ఆస్టిన్ టాపన్ రైట్ ఒకడు. వృత్తిరీత్యా అమెరికాలో న్యాయశాస్త్ర ప్రొఫెసర్. చిన్నప్పుడు ఊహించుకున్న ‘ఐలాండియా’ అనే దేశానికి చరిత్ర, వాతావరణం, సాహిత్యం, పటాలు అన్నీ తయారుచేసుకుంటూ పోయాడు. 1931లో కారు ప్రమాదంలో పోయేనాటికి సుమారు 2,300 పేజీల చేతిరాత ప్రతి మిగిలింది. భార్య దాన్నంతా టైపు చేసింది. కూతురు సిల్వియా కుదించి, పరిష్కరించింది. రైట్ పోయిన 11 ఏళ్లకు, 1942లో, ‘ఐలాండియా’ అచ్చయింది.

> చందమామ సీరియళ్ల భూగోళం
>
> 1950ల నుంచి ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియళ్ల పేర్లు వరుసగా చదివితే ఒక దేశపటం కళ్లముందు పరుచుకుంటుంది: కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసి లోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం. చిత్రా బొమ్మలతో నెలనెలా వచ్చిన ఆ కథల్లో నడిచేది మనుషులే అయినా, శీర్షికలో నిలిచింది చోటు. కోట, దీవి, లోయ, కొండ, సరస్సు: కల్పిత పటం గీసేవాడు ముందుగా నేర్చుకునే గుర్తులూ ఇవే.

నది ఎటు పారాలి?

కల్పిత పటాల్లో మొదటి తప్పు నదుల దగ్గర దొర్లుతుంది. కొత్తగా గీసేవాళ్లు ఒక సముద్రం నుంచి మరో సముద్రానికి నదిని అడ్డంగా లాగేస్తారు. ఒకే సరస్సులోంచి నాలుగు దిక్కులకూ నాలుగు నదులు పారిస్తారు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్న సామెతలో మొదటి సగం గుర్తుంటే చాలు, ఈ పొరపాట్లు జరగవు. నీరు ఎత్తు నుంచి పల్లానికి పోతుంది. దారిలో ఉపనదులు వచ్చి కలుస్తాయి గానీ నది ఊరికే చీలదు. చీలితే చాలావరకు డెల్టాలోనే. సరస్సు నిండి పొర్లితే అన్నిటికన్నా పల్లంగా ఉన్న ఒక్క చోటు నుంచే బయటపడుతుంది.

గోదావరి దీనికి మంచి పాఠం. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో అది పుట్టే చోటికి అరేబియా సముద్రం సుమారు 80 కిలోమీటర్లే. అయినా దానికి వీపు తిప్పి 1,465 కిలోమీటర్లు నడిచి బంగాళాఖాతంలో కలుస్తుంది. పడమటి కనుమలు గోడలా లేచి ఉండటం, దక్కన్ పీఠభూమి తూర్పుకు వాలి ఉండటం కారణం. ధవళేశ్వరం దాటాక, నేల చదునైన చోట, గౌతమి, వసిష్ఠ అంటూ పాయలవుతుంది. కాబట్టి కల్పిత దేశంలోనూ నదిని గీయాలంటే ముందు కొండలు గీయాలి, కొండలు గీయాలంటే నేల వాలు తేల్చుకోవాలి.

కొండల తర్వాత వాన. నైరుతి గాలి మోసుకొచ్చే తడి పడమటి కనుమలకు తగిలి అటువైపే కుమ్మరించేస్తుంది. ఇటువైపు వర్షచ్ఛాయలో పడిన అనంతపురం, దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి అయింది. గాలి ఎటు నుంచి వీస్తుందో ఒక బాణం గుర్తు వేసుకుంటే, కల్పిత దేశంలో వరి పండే చోటేదో, జొన్న పండే చోటేదో, గొర్రెలు మేసే బీడేదో దానంతటదే తేలిపోతుంది.

ఊళ్లూ అంతే. ఖాళీగా కనిపించిందని చుక్క పెడితే అది ఊరు కాదు. అక్కడ నీళ్లుండాలి, లేదా రేవో గనో కోటకు అనువైన గుట్టో ఉండాలి. 17వ శతాబ్దపు గోల్కొండ రాజ్యంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు వజ్రాలిచ్చాయి. గట్టి రాతికొండ మీది గోల్కొండ వాటికి బజారైంది. మచిలీపట్నం ఆ రాజ్యపు సరుకులు ఓడెక్కే రేవైంది. ఈ మూడు చుక్కలనూ కలిపితే వ్యాపారమార్గం వస్తుంది. ఆ మార్గం వెంట కొత్త ఊళ్లు పుట్టుకొస్తాయి. అందుకే లేని దేశానికి పటం గీసేవాడు ఉన్న దేశాన్ని కొత్తగా చూడటం నేర్చుకుంటాడు. బస్సు కిటికీలోంచి చెరువు కనిపిస్తే దాని అలుగు ఏ వైపుందా అని వెతుకుతాడు.

పేరులో ఉన్న చరిత్ర

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని లోకం వెక్కిరించే పనినే ఈ వ్యాపకంలో అన్నిటికన్నా శ్రద్ధగా చేయాలి. నోటికొచ్చిన నాలుగు అక్షరాలు కలిపి పెట్టిన పేరు పటం మీద అతకదు. తెలుగు ఊళ్ల పేర్లు చూస్తే కారణం తెలుస్తుంది. ‘లంక’ అంటే ఏటి నడుమ మేట వేసిన నేల. ‘పేట’లో సంత వినిపిస్తుంది. ‘గూడెం’ దగ్గర అడవి కనిపిస్తుంది. ఉత్తరాంధ్రలో ‘వలస’తో ముగిసే ఊళ్లు, ఎవరో ఒకప్పుడు వేరేచోటి నుంచి వచ్చి నిలబడ్డారని చెబుతాయి. ఒక కల్పిత పటంలో వరుసగా మూడు ‘కుంట’లు ఉంటే అది నదిలేని మెట్టప్రాంతమని రాయనక్కర్లేదు. ఒక ‘పాతకోట’ ఉంటే కొత్తకోట ఎక్కడ, పాతది ఎందుకు వదిలేశారు అన్న ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. ఒక్క పేరు వందేళ్ల కథకు సరిపోతుంది.

‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రచయిత జే.ఆర్.ఆర్. టోల్కీన్ విషయంలో భాషే ముందు పుట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీన ఇంగ్లిష్ ప్రొఫెసర్ అయిన ఆయన యువకుడిగా ఉన్నప్పటి నుంచే సొంత భాషలు అల్లుకునేవాడు. తన ఈ అలవాటును ‘రహస్య వ్యసనం’ అని పిలుస్తూ 1931లో ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాడు. ఆ భాషలు మాట్లాడే జనం కోసం చరిత్ర, ఆ జనం తిరిగే నేల కోసం మిడిల్ ఎర్త్ అనే లోకం వచ్చాయి. ‘బాహుబలి’లో కాలకేయులనే తెగ కోసం తమిళ రచయిత మదన్ కార్కీ కల్పించిన ‘కిలికి’ భాషకూ సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు ఉన్నాయి. తెర మీద అది వినిపించేది కొద్ది నిమిషాలే.

> కాగితం మీది ఊరు నేల మీదికి
>
> 1930లలో అమెరికాలో ఒక పటాల కంపెనీ, తమ పటాన్ని ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికి న్యూయార్క్ రాష్ట్రంలో ‘ఆగ్లో’ అనే లేని ఊరిని చేర్చింది. ఆ పేరు పటంలో చూసి ఎవరో అదే చోట ‘ఆగ్లో జనరల్ స్టోర్’ పెట్టారు. దాంతో ఊరు నిజమైపోయింది.
>
> బెంగాల్ తొలి సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన జేమ్స్ రెనెల్ 1798లో పశ్చిమాఫ్రికా పటంలో ‘కాంగ్ పర్వతాలు’ గీశాడు. అవి లేవని ఫ్రెంచి అధికారి లూయీ బింజే 1880ల చివర్లో వెళ్లి తేల్చేదాకా ఎన్నో పటాల్లో ఆ కొండలు అలాగే నిలిచాయి.
>
> ఆర్.కె. నారాయణ్ 1935 నాటి ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’లో మొదలుపెట్టిన మాల్గుడి అనే కల్పిత ఊరికి, ఆయన రచనల్లోని ఆనవాళ్లు ఏరి జేమ్స్ ఫెనెలీ అనే అమెరికన్ పండితుడు పటం గీశాడు. ‘మాల్గుడి డేస్’ సీరియల్‌లో కనిపించిన కర్ణాటకలోని అరసాళు రైల్వే స్టేషన్‌లో ఇప్పుడు మాల్గుడి మ్యూజియం ఉంది.

అడుగులు లెక్కపెట్టాలి

పటం గీసిన మరుక్షణం నుంచి దానికి లోబడి ఉండాల్సింది గీసినవాడే. రోజంతా నడిచే మనిషి సాధారణంగా 25, 30 కిలోమీటర్లకు మించి పోలేడు. హైదరాబాద్ నుంచి విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు, అంటే కాలినడకన తొమ్మిది నుంచి పదకొండు రోజులు. కల్పిత రాజ్యంలో అంతే దూరాన్ని దూత రాత్రికి రాత్రి దాటి వచ్చాడంటే గుర్రాలు మార్చుకునే మజిలీలు ఉండాలి, వాటిని నడిపే ప్రభుత్వమూ ఉండాలి. స్కేలు గీత ఒకటి పటం మూలన గీసుకుంటే, ఆ రాజ్యం ఎంత దూరం పన్ను వసూలు చేయగలదో కూడా దాని మీదే తేలుతుంది.

టోల్కీన్ ఈ లెక్కలో మరీ పట్టుదల మనిషి. పాత్రలు రోజుకు ఎంత నడిచారో, ఆ రాత్రి చంద్రుడు ఏ కళలో ఉన్నాడో పట్టికలు వేసుకున్నాడు. 1954లో ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ మొదటి సంపుటం అచ్చుకు వెళ్లేటప్పుడు ఆయన చిత్తు పటాలను కొడుకు క్రిస్టఫర్ శుభ్రంగా తిరగగీశాడు. చిత్రకారిణి పాలీన్ బేన్స్ దగ్గరున్న ఒక పటం మీద టోల్కీన్ చేత్తో రాసిన సూచనలు 2015లో బయటపడ్డాయి. హాబిటన్ గ్రామం ఆక్స్‌ఫర్డ్ అక్షాంశం మీద ఉంటుందని కూడా అందులో ఉంది. ఆ పటం ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉంది.

స్టీవెన్‌సన్‌కు ఇదే పాఠం తలకిందులుగా ఎదురైంది. రాతప్రతితో పాటు పంపిన దీవి పటం ప్రచురణకర్తలకు చేరనే లేదు, ఎక్కడో పోయింది. మళ్లీ గీయడానికి తన పుస్తకాన్నే మొదటి నుంచి చదివి, దిక్కులు, దూరాల ప్రస్తావనలన్నీ ఏరి, కంపాస్ పట్టుకుని వాటికి సరిపడే దీవిని కట్టాల్సి వచ్చింది. తండ్రి ఆఫీసులో తయారైన ఆ రెండో పటంలో తిమింగలాలు, ఓడలు చేరాయి. సముద్రపు దొంగ ఫ్లింట్ సంతకాన్ని తండ్రే చేశాడు. ఎంత అందంగా వచ్చినా అది తన అసలు దీవి కాదనే స్టీవెన్‌సన్ చివరిదాకా అనుకున్నాడు.

బియ్యం గింజల నుంచి సాఫ్ట్‌వేర్ దాకా

మొదలుపెట్టడానికి తెల్లకాగితం, పెన్సిల్, రబ్బరు చాలు. తీరం గీయబోతే చేయి గుండ్రంగానే పోతుందన్నది చాలామంది ఇబ్బంది. దానికో తేలిక ఉపాయం ఉంది. గుప్పెడు బియ్యం కాగితం మీద చల్లి, గుట్టపడిన చోటి అంచు వెంట పెన్సిల్ తిప్పితే వంకరటింకరగా, నిజమైన తీరంలా వస్తుంది. విడిపడ్డ గింజలు దీవులవుతాయి. పెచ్చులూడిన గోడ, ఒలికిన టీ మరక కూడా ఖండాలిస్తాయి.

కంప్యూటర్ మీద గీసేవాళ్లకు ఇంకార్నేట్, వండర్‌డ్రాఫ్ట్ లాంటివి కొండలు, చెట్లు, కోటల బొమ్మలు సిద్ధంగా ఇస్తాయి. అజ్‌గార్ జనరేటర్ అనే ఉచిత పరికరం ఒక్క నొక్కుతో దేశాలు, నదులు, సరిహద్దులతో పటం మొత్తం అల్లి ఇస్తుంది. వీధులు, బస్సు రూట్లు, మురుగుకాల్వల దాకా పోయే ఓపిక ఉన్నవాళ్లు అసలు పటాల తయారీలో వాడే క్యూజిస్ లాంటి సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటారు. అయితే నొక్కితే వచ్చిన పటంలో ఊరు ఆ చోటే ఎందుకుందో గీసినవాడికే తెలియదు. ఆ ‘ఎందుకు’ తేల్చుకోవడమే ఈ వ్యాపకంలోని రుచి.

జీవితకాలం పట్టిన నగరాలు

అమెరికాకు చెందిన జెర్రీ గ్రెట్జింగర్ 1963లో పని మధ్య విసుగు పోవడానికి ఒక ఊహానగరం గీయడం మొదలుపెట్టాడు. కాగితం నిండితే పక్కన మరో కాగితం అతికించుకుంటూ పోయాడు. 1983లో ఆపేసి అటక మీద పడేశాడు. ఇరవై ఏళ్ల తర్వాత మనవడి కంట పడటంతో మళ్లీ మొదలెట్టాడు. 8 అంగుళాలకు 10 అంగుళాల ముక్కలు ఇప్పుడు మూడు వేలకు పైనే. ఏ ముక్కను ఎలా మార్చాలో పేకముక్కల్లాంటి కార్డు తీసి చూస్తాడు. కొన్ని కార్డులు వస్తే కట్టిన ఊరంతా తెల్లటి శూన్యంలో కలిసిపోవలసిందే. సొంత లోకానికి తానే దేవుడైనా, విధిని మాత్రం కార్డులకు వదిలేశాడు.

ఫ్రాన్స్‌లో 1972లో పుట్టిన జీల్ త్రెయిన్‌కు ఆటిజం ఉంది. పన్నెండేళ్లప్పుడు ‘ఊర్‌విల్’ అనే మహానగరం మొదలుపెట్టాడు. పేరు అంటార్కిటికాలోని ఒక ఫ్రెంచి స్థావరం నుంచి వచ్చింది. వీధి వీధినీ పెన్సిల్‌తో గీసి, ప్రాచీన కాలం నుంచి ప్రపంచ యుద్ధాల దాకా చరిత్ర రాసి, దాదాపు కోటీ 18 లక్షల జనాభా లెక్కగట్టాడు. ఆ బొమ్మలు, వివరాలు పుస్తకంగా వచ్చాయి. మనుషులతో కలవడం కష్టమైన కుర్రాడు కోటిమందికి ఇళ్లు కట్టాడు.

లాభం, నష్టం

ఈ వ్యాపకమే కొందరికి బతుకుతెరువైంది. కెనడాలో లైబ్రరీ ఉద్యోగి ఎడ్ గ్రీన్‌వుడ్ చిన్నప్పటి నుంచి అల్లుకున్న ‘ఫర్‌గాటెన్ రెల్మ్స్’ 1987లో ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటకు రంగస్థలమైంది. ఉర్సులా లెగ్విన్ ముందు దీవుల పటం గీసుకుని, 1968లో ‘ఎర్త్‌సీ’ నవలల్లో మొదటిది తెచ్చింది. వీడియో గేముల్లో, సినిమాల్లో లోకాల రూపకల్పన ఇప్పుడు వేరే ఉద్యోగం.

నష్టమూ లేకపోలేదు. నాణేల మీద బొమ్మ తేలలేదని, మూడో వంశం ఏడో రాజు పేరు కుదరలేదని వాయిదా వేస్తూ, రాద్దామనుకున్న నవలలో మొదటి వాక్యం కూడా రాయనివాళ్లు ఎందరో. దీనికి మందు చిన్నదే: లోకమంతా గీయకుండా ఒక ఊరు, ఒక ఏరు, ఒక సంత గీసి, కథ నడిచినంత మేరకే పటం పెంచుకోవడం. కథ రాసే ఉద్దేశమే లేనివాళ్లకైతే ఆ చింత కూడా అక్కర్లేదు.

తెలుగు పిల్లల్లో చాలామందికి పటం అంటే పదో తరగతి సోషల్ పరీక్షలో మార్కులు తెచ్చే మ్యాప్ పాయింటింగ్. అచ్చు వేసిచ్చిన గీతల మీద చుక్కలు పెట్టడంతో సరి. నోటుపుస్తకం వెనక పేజీల్లో ఎవరైనా ఒక తీరం, రెండు కొండలు, ఒక నది గీసుకుని కనిపిస్తే కోప్పడే ముందు ఆ నది ఎక్కడ పుట్టిందో అడగాలి. జవాబు తడుముకోకుండా వస్తే, ఆ పిల్లకో పిల్లాడికో భూగోళం ఒంటబట్టినట్టే.